మడమ మీద కూతురి పేరు

స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు సాంతి కాసోర్లా కుడికాలి మడమ పైన ఒక పచ్చబొట్టు ముక్క ఉంది. అది అక్కడ పొడిపించుకున్నది కాదు. ఎడమ ముంజేతి మీద అతను కూతురి పేరు పొడిపించుకున్నాడు. ఆ పేరులో కొంత ఇప్పుడు కాలి మీదికి వెళ్లింది, మిగిలింది చేతి మీదే ఉంది. 2017 నవంబరులో స్పెయిన్ క్రీడాపత్రిక ‘మార్కా’ ఆ కాలి ఫోటో ప్రచురించినప్పుడు, అతుకుల బొంతలా ఉన్న ఆ చర్మాన్ని చూసి ఫుట్‌బాల్ తెలిసినవాళ్లంతా ఒక్కటే అనుకున్నారు: ఇతని ఆట అయిపోయింది. అతనికి వైద్యం చేసినవాళ్లలోనూ ఒకరు, కొడుకుతో కలిసి పెరట్లో నడవగలిగితే అదే చాలనుకోమని చెప్పారట. ఆ తర్వాత అతను స్పెయిన్ జాతీయ జట్టుకు మళ్లీ ఆడాడు. నలభయ్యేళ్ల వయసులో, చిన్నప్పుడు ఆట నేర్చుకున్న క్లబ్బును మొదటి డివిజన్‌కు తీసుకెళ్లిన జట్టులో ఉన్నాడు.

ఈ కథను పట్టుదల కథగా చాలామంది చెప్పారు. పట్టుదల ఉన్నమాట నిజమే. కానీ నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది ఆ పచ్చబొట్టు కింద ఉన్నది. అక్కడ ఎనిమిది సెంటీమీటర్ల మేర ఒక కణజాలం పోయింది. అది ఏమిటి, ఎందుకంత మొండిది, పోయాక మనిషి మళ్లీ ఎలా పరిగెత్తాడు?

కూర్చున్నచోటే కాస్త వంగి, మడమ పైభాగాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మోకులా గట్టిగా తగిలేదే అకిలిస్ టెండన్. పిక్కలోని రెండు పెద్ద కండరాలు కిందికి దిగుతూ సన్నబడి, ఒక్కటై, మడమ ఎముకకు అతుక్కుంటాయి. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. ఒంట్లో ఉన్న టెండన్లన్నిటిలోకీ లావైనదీ బలమైనదీ ఇదే. పుస్తకాల్లో స్నాయువు అని రాస్తారు గానీ ఇళ్లలో మనం దీన్నీ ‘నరం’ అనే అంటాం. రక్తం పారేదీ మనకు నరమే, మెదడు కబుర్లు మోసేదీ నరమే, కండరాన్ని ఎముకకు కట్టిపడేసేదీ నరమే. ‘మడమ దగ్గర నరం పట్టేసింది’ అని రోగి అంటే ఈ మూడింటిలో ఏదో డాక్టరు విడదీసుకోవాలి. ఈ కలగలుపు గురించి ఎందుకు చెబుతున్నానంటే, కాసోర్లాకు జరిగినదంతా ఆ తేడా మీదే నడిచింది. రక్తనాళంలో రక్తం పారుతుంది. టెండన్‌కు రక్తం అందడమే గగనం.

కొబ్బరి తాడు పేనడం చూసినవాళ్లకు టెండన్ నిర్మాణం చెప్పడం తేలిక. కొలాజెన్ అనే ప్రోటీను గొలుసులు మూడేసి ఒకదాన్నొకటి చుట్టుకుని మూడు పేటల పురి అవుతాయి. ఆ పురులు కలిసి సన్నటి పీచు, పీచులు కలిసి పోగు, పోగులు కలిసి కట్ట, కట్టలన్నీ కలిసి తాడు. తాడు వదులుగా ఉన్నప్పుడు పోగుల్లో సన్నని అలలు ఉంటాయి. కాలు నేల మీద మోపి బరువు వేయగానే ముందు ఆ అలలు సాపవుతాయి, తర్వాత అసలు పోగుల మీద లాగుడు పడుతుంది. ఈ పోగుల మధ్య అక్కడక్కడా కణాలు ఉంటాయి. అవే కొలాజెన్‌ను తయారుచేస్తాయి. కండరంతో పోలిస్తే ఆ కణాలు చాలా కొద్ది, వాటి జీవితం చాలా నిదానం.

పరుగులో ఈ తాడు మీద పడే లాగుడు ఒంటి బరువుకు ఆరు రెట్ల నుంచి పన్నెండు రెట్ల దాకా ఉంటుందని కొలతలు చెబుతున్నాయి. 65 కిలోల మనిషికి అది 400 నుంచి దాదాపు 800 కిలోల బరువు వేలాడదీసినట్టు, అదీ ప్రతి అడుగుకూ. తాడు ఆ బరువును మోయడంతో ఆగదు. సాగుతూ శక్తిని దాచుకుని, కాలు నేలను వదిలే క్షణంలో తిరిగి ఇచ్చేస్తుంది. 1987లో బ్రిటన్ శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం పరుగులో ఒక్కో అడుగుకు శరీరం కోల్పోయి తిరిగి తెచ్చుకోవలసిన శక్తి వంద జౌళ్లయితే, అందులో 35 జౌళ్లు ఈ ఒక్క తాడు దాచి ఇస్తుంది. ఆ మేరకు కండరాలకు పని తప్పుతుంది. మనిషి అలసిపోకుండా అంతంత దూరాలు పరిగెత్తగలగడంలో దీని వాటా అంత.

ఈ తాడు వయసెంత అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ ఊహించని దారిలో వచ్చింది. 1950ల నడిమి నుంచి 1963 దాకా అగ్రరాజ్యాలు ఆరుబయట అణుబాంబులు పేల్చి పరీక్షించాయి. దాంతో గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. పరీక్షలు నేల కిందికి వెళ్లాక అది ఏటేటా తగ్గుతూ వచ్చింది. గాలిలోది మొక్కల్లోకి, మొక్కల్లోది తిండిలోకి, తిండిలోది మన ఒంట్లోకి చేరింది. కాబట్టి ఏ కణజాలంలో కార్బన్-14 ఎంత ఉందో కొలిస్తే అది ఏ సంవత్సరాల్లో తయారైందో తెలిసిపోతుంది. డెన్మార్క్ పరిశోధకురాలు కాత్యా హైనెమియర్, ఆమె సహచరులు 2013లో ఇదే పద్ధతిలో అకిలిస్ టెండన్లను పరీక్షించారు. అదే మనుషుల కండరాలు ఎప్పటికప్పుడు కొత్తవవుతున్నాయి. టెండన్ నడిమి భాగం మాత్రం సుమారు పదిహేడేళ్లు వచ్చేసరికి తయారై ఆగిపోయింది. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా అందులో కొత్త పదార్థం చేరిన జాడ వాళ్లకు కనిపించలేదు. అంటే మన మడమ వెనక ఉన్నది మన బాల్యం పేనిన తాడు. అదే ముసలితనం దాకా కాయాలి.

ఇది చదివాక కాసోర్లా జీవితాన్ని మళ్లీ చూశాను. అతను 1984 డిసెంబరు 13న ఉత్తర స్పెయిన్‌లోని అస్తూరియాస్ ప్రాంతంలో, యానేరాలో పుట్టాడు. పక్కనే ఉన్న ఒవియేదో నగరపు క్లబ్బు రియల్ ఒవియేదో బాలల జట్టులో ఆట నేర్చుకున్నాడు. పదిహేడేళ్లు నిండింది 2001 చివర్లో. ఆ సంవత్సరమే రియల్ ఒవియేదో మొదటి డివిజన్ నుంచి కిందికి జారింది. 2003లో అప్పుల్లో కూరుకుని, ఆటగాళ్లకు జీతాలు ఇవ్వలేక నాలుగో అంచెకు పడిపోయింది. కాసోర్లా సొంత ఊరి సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే విల్లారియల్‌కు వెళ్లిపోయాడు. కాలిలో మాత్రం ఒవియేదో మైదానాల్లో పేనిన తాడు అతని వెంట వెళ్లింది.

ఆ తర్వాతి పదేళ్లు వేగంగా నడిచాయి. విల్లారియల్, మధ్యలో ఒక ఏడాది వెల్వా పట్టణపు రెక్రియాతివో, మళ్లీ విల్లారియల్, ఆపైన మలాగా, 2012లో లండన్‌లోని ఆర్సెనల్. 2008లో స్పెయిన్ యూరోపు కప్పు గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు. క్వార్టర్ ఫైనల్లో ఇటలీ మీద పెనాల్టీల పోటీలో తన వంతు గోలు వేశాడు. 2012లో రెండోసారి గెలిచినప్పుడూ ఉన్నాడు. మధ్యలో 2010 ప్రపంచకప్పు వెన్ను డిస్కు దెబ్బతినడంతో చేజారింది. ఎత్తు 168 సెంటీమీటర్లు. రెండు కాళ్లూ ఒకే తీరుగా వాడేవాడు. కార్నర్ కొట్టేటప్పుడు ఏ కాలితో కొడతాడో అవతలివాళ్లకు చివరిదాకా తెలిసేది కాదు.

2013 సెప్టెంబరులో జెనీవాలో చిలీతో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో కుడి చీలమండకు దెబ్బ తగిలి, అక్కడి చిన్న ఎముకలో పగులు వచ్చింది. అతను ఆడుతూనే పోయాడు. ఒళ్లు వేడెక్కి ఆడుతున్నంతసేపు నొప్పి ఓర్చుకోగలిగేవాడట. విరామంలో కూర్చుని కాలు చల్లబడితే కన్నీళ్లు వచ్చేవట. ఇందులో వింతేమీ లేదు. కదలికలో కణజాలం సాగుదల పెరుగుతుంది. ఆటలో మునిగిన మెదడు నొప్పి కబుర్లను కొంత అణచిపెడుతుంది. ఆట ఆగగానే ఆ తెర తొలగిపోతుంది. ఆటగాళ్లకు ఇది పెద్ద వల. నొప్పి తగ్గితే గాయం తగ్గిందనుకుంటారు.

ఆ నొప్పితోనే అతను తన ఆటలోకెల్లా మంచి ఆట ఆడాడు. 2014 మే 17న వెంబ్లీలో ఎఫ్ఏ కప్పు ఫైనల్. ఎనిమిది నిమిషాలకే హల్ సిటీ రెండు గోల్స్ వేసింది. పదిహేడో నిమిషంలో కాసోర్లా ఫ్రీకిక్ గోలు మూలకు దూసుకెళ్లడంతో ఆర్సెనల్ ఊపిరి పీల్చుకుంది. చివరికి 3-2తో గెలిచి తొమ్మిదేళ్ల తర్వాత కప్పు ముట్టుకుంది. 2015 జనవరిలో మాంచెస్టర్ సిటీ మీద వాళ్ల మైదానంలోనే 2-0తో గెలిచిన మ్యాచ్‌లో ఒక గోలు పెనాల్టీతో అతను వేశాడు, రెండోది అతని ఫ్రీకిక్ నుంచి వచ్చింది. ఆ రోజు మైదానం నడిమధ్య బంతి అతని కాళ్ల చుట్టూ తిరగడం చూసినవాళ్లు మరచిపోలేరు.

2016 అక్టోబరు 19. బల్గేరియా జట్టు లుడోగొరెట్స్‌ను ఆర్సెనల్ 6-0తో ఓడించిన రాత్రి అతను నొప్పితో మైదానం వదిలాడు. మళ్లీ ఆ జట్టుకు ఆడలేదు.

శస్త్రచికిత్స జరిగింది. గాయం మూసుకోలేదు. కుట్లు వేస్తే విడిపోయేవి, పచ్చటి రసి కారేది, మళ్లీ కుట్లు. ఇలా పది దాకా శస్త్రచికిత్సలు చేయించుకున్నాడు. మన ఊళ్లలో ఇది ఎవరికి తెలియదు? షుగరు ఉన్న పెద్దవాళ్ల కాలి పుండు మానక, నల్లబడి, చివరికి వేలో పాదమో తీసేయించుకున్న ఇల్లు ప్రతి వీధిలో ఒకటి ఉంటుంది. కాసోర్లాకు షుగరు లేదు. అయినా అక్కడా ఇక్కడా మూలసూత్రం ఒక్కటే: రక్తం చేరనిచోట గాయం మానదు. మానడానికి కావలసిన ప్రాణవాయువు, తెల్లకణాలు, మందు అన్నీ రక్తంలోనే ప్రయాణిస్తాయి. అకిలిస్ టెండన్‌లో మడమ ఎముకకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన ఉన్న భాగానికి రక్తప్రసారం మరీ పలచన. దాని మీద కప్పిన చర్మం కూడా పలచనే, కింద కొవ్వో కండో లేదు. అక్కడ కోసిన చోట క్రిములు చేరితే వాటిని తరమడానికి వెళ్లే దారి సన్నటి కాలిబాట.

క్రిములు కూడా ఊరికే ఉండవు. ఎముక మీద, టెండన్ మీద ఒక జిగురు పొర అల్లుకుని దాని కింద కాపురం పెడతాయి. నీళ్ల తొట్టి అడుగున పట్టే పాకుడు లాంటిదే ఇది. తొట్టిలో మందు కలిపితే నీళ్లు శుభ్రపడతాయి గానీ పాకుడు పోదు, గీకాలి. ఆ పొర లోపల కొన్ని క్రిములు దాదాపు నిద్రలో ఉంటాయి. యాంటీబయాటిక్‌లు చాలావరకు పెరుగుతున్న క్రిముల మీదే గట్టిగా పనిచేస్తాయి కాబట్టి నిద్రపోతున్నవి తప్పించుకుంటాయి. మందు ఆపగానే లేస్తాయి. పైన గాయం మూసుకున్నట్టు కనిపించి, మళ్లీ తెరుచుకోవడానికి ఇదొక కారణం.

2017లో బాస్క్ ప్రాంతపు విటోరియా నగరంలో మికెల్ సాంచెస్ అనే శస్త్రవైద్యుడు ఆ కాలు తెరిచి చూశాడు. క్రిములు మడమ ఎముకలో కొంత భాగాన్ని పాడుచేసి, అకిలిస్ టెండన్‌లో ఎనిమిది సెంటీమీటర్లు తినేశాయి. కాలే తీసేయాల్సి వస్తుందేమో అన్న స్థితి అది. గాంగ్రీన్ పట్టిందంటే కణజాలం చచ్చిపోవడమే. చచ్చినదాన్ని ఏ మందూ బతికించదు, కోసి తీసేయాలి. అదే చేశారు. పేనడానికి పదిహేడేళ్లు పట్టిన తాడులో సగానికి పైగా పోయింది. మిగిలినదాన్ని కూడగట్టి కొత్తది కట్టాలి. పైన కప్పడానికి చర్మం కావాలి.

మామూలు చర్మపు అతుకు సన్నటి పొర. దానికి సొంత రక్తనాళాలు ఉండవు. మొదటి రెండు రోజులు కింద ఉన్న గాయం నుంచి ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది, ఆ తర్వాత కింది నుంచి రక్తనాళాలు వచ్చి కలవాలి. కింద ఉన్నది బోడి టెండన్ అయితే అక్కడి నుంచి వచ్చేది ఏమీ ఉండదు, అతుకు ఎండిపోతుంది. అందుకని ఇలాంటి చోట్ల వైద్యులు చర్మాన్ని దాని రక్తనాళాలతో సహా ఎత్తి, మైక్రోస్కోపు కింద కొత్తచోటి నాళాలకు కలిపి కుడతారు. ముంజేతి చర్మం పలచగా, మెత్తగా, మంచి నాళాలతో ఉంటుంది కనుక దాన్ని తరచూ ఎంచుకుంటారు. కాసోర్లాకు తీసుకున్నదీ ఎడమ ముంజేతి చర్మమే. అలా కూతురి పేరులో కొంత మడమకు చేరింది.

చర్మం చోటు మారినా పచ్చబొట్టు ఎందుకు చెరగలేదు? దీని మీద ఫ్రాన్స్‌లోని మార్సెయ్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద చేసిన ఒక పరిశోధన నాకు ఎంతో ఇష్టం. పచ్చబొట్టు రంగు చర్మం పై పొరలో ఉండదు. ఉంటే నెల రోజుల్లో రాలిపోయేది. లోపలి పొరలో చెత్తను మింగే కణాలు ఆ రంగు రేణువులను మింగి కూర్చుంటాయి. ఆ కణం చచ్చిపోతే రేణువులు బయటపడతాయి, పక్కనే కొత్తగా వచ్చిన కణం వాటిని మింగేస్తుంది. ఇలా చేతులు మారుతూ రంగు అక్కడే నిలుస్తుంది. వాళ్లు పచ్చబొట్టు ఉన్న చర్మాన్ని ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకు అతికించి ఆరు వారాల తర్వాత చూస్తే, రంగు మోస్తున్న కణాల్లో ఎక్కువ భాగం రెండో ఎలుకవి. అంటే బొమ్మ అదే, మోసేవాళ్లు వేరే. కాసోర్లాకు చేతి చర్మమూ తనదే, కాలూ తనదే. అయినా ఇవాళ అతని మడమ మీది అక్షరాలను మోస్తున్న కణాలు పచ్చబొట్టు పొడిపించుకున్న రోజున ఉన్నవి అయివుండవు.

ఇక తాడు సంగతి. తెగిన టెండన్ మానే తీరు మూడు దశల్లో సాగుతుంది. కొద్ది రోజుల వాపు, కొన్ని వారాల పాటు హడావుడిగా అల్లే ముతక కొలాజెన్, ఆపైన నెలలు, సంవత్సరాలు సాగే సవరింపు. హడావుడిగా అల్లినది చిక్కుపడ్డ నూలులా అన్ని దిక్కులా పోతుంది. అది ఒక దిక్కున వరుసకట్టాలంటే లాగాలి. టెండన్ కణాలు తమ మీద పడే లాగుడును పసిగట్టి, ఆ దిక్కునే కొత్త పోగులు వేస్తాయి. లాగకుండా ఊరికే ఉంచితే తాడు బలహీనమవుతుంది. తొందరపడి ఎక్కువ లాగితే తెగుతుంది, లేదా సాగి పొడవైపోతుంది. పొడవైతే పిక్క కండరం ఎంత బిగించినా మడమ సరిగా లేవదు. ఈ రెండింటి మధ్య సన్నటి దారిలో రోజుకు కాస్త కాస్త బరువు పెంచుతూ పోవాలి. ఇంత చేసినా కొత్త తాడు పాతదానంత చక్కగా రాదు. అతుకు లావుగా, గరుకుగా ఉంటుంది. ఆ కాలి పిక్కలో కొంత బలం తగ్గే ఉంటుంది. కాసోర్లా ఇంటికి దూరంగా సలమంకా నగరంలో ఉండి నెలల తరబడి ఈ పనే చేశాడు. గోలుకీపరుకు అందకుండా ఫ్రీకిక్ కొట్టే మనిషి మడమ ఎత్తి దించడం మొదటి నుంచి నేర్చుకున్నాడు.

2018 జులై 17న విల్లారియల్ తరఫున ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో మైదానంలోకి దిగాడు. లుడోగొరెట్స్ మ్యాచ్ నుంచి లెక్కిస్తే 636 రోజులు. 2019 జనవరి 3న రియల్ మాడ్రిడ్‌తో 2-2గా ముగిసిన మ్యాచ్‌లో విల్లారియల్ గోల్స్ రెండూ అతనివే. రెండోది తలతో కొట్టినది. పొట్టివాడు, ఆపైన తిరిగి కట్టిన మడమ. ఆ గోలు వీడియో చూసినప్పుడల్లా నా కళ్లు బంతి మీద నిలవవు, కిందికి, ఆ కాలి మీదికి పోతాయి. అదే ఏడాది జూన్‌లో స్పెయిన్ జట్టులోకి తిరిగి వచ్చాడు. జాతీయ జట్టుకు మొత్తం 81 మ్యాచ్‌లు, 15 గోల్స్. 2019-20లో లీగులో 11 గోల్స్ వేశాడు.

ఎలా సాధ్యమైంది? వైద్యం, ఓర్పు రెండూ ఉన్నాయి. నా దృష్టిలో మూడో కారణం ఇంకా పెద్దది. అతని ఆట ఆ తాడు మీద అంతగా ఆధారపడలేదు. అంచుల వెంట దూసుకెళ్లే ఆటగాడి బతుకంతా మొదటి మూడడుగుల్లో ఉంటుంది. అతనికి టెండన్ స్ప్రింగులో పదో వంతు పోయినా డిఫెండరు అందుకుంటాడు. మధ్యలో ఆడేవాడి పని బంతి రాకముందే మొదలవుతుంది. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ ఇంగ్లండ్ లీగులో ఆడే 118 మంది ఆటగాళ్లు బంతి అందుకోబోయే ముందు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూస్తారో లెక్కపెట్టాడు. ఎక్కువసార్లు చూసేవాళ్ల పాసులు ఎక్కువగా గురి చేరుతున్నాయి. ఎవరు ఎక్కడున్నారో ముందే తెలిసినవాడు పరుగెత్తి గెలవాల్సిన చోటును ఒక్క మలుపుతో గెలుస్తాడు. దానికి రెండు కాళ్లూ ఒకేలా వాడగల నేర్పు తోడైతే, బంతిని ‘మంచి కాలి’ వైపు మార్చుకునే ఆ ఒక్క స్పర్శ కూడా మిగులుతుంది. ఈ నేర్పు ఉండేది మెదడులో. కుడికాలిని నడిపేది మెదడు ఎడమ సగం, ఎడమకాలిని నడిపేది కుడి సగం. కొన్ని వేలసార్లు చేసిన పని అక్కడ ముద్రపడి ఉంటుంది. రెండేళ్లు మంచం మీద ఉన్నా సైకిలు తొక్కడం మరచిపోనట్టు, కాసోర్లా బంతిని మరచిపోలేదు. క్రిములు తినేసింది అతని స్ప్రింగును. అతని ఆట ఇంకోచోట ఉంది.

2020లో ఖతార్‌లోని అల్ సద్ క్లబ్బుకు వెళ్లాడు. అక్కడ శిక్షకుడు అతని పాత సహచరుడు చావీ. 2023లో ఇంటికి వచ్చాడు.

ఒవియేదోను అతను ఎప్పుడూ వదల్లేదనే చెప్పాలి. 2012లో క్లబ్బు మూతపడబోతున్నప్పుడు, హువాన్ మాతా, మిచు లాంటి ఆ క్లబ్బు బిడ్డలతో కలిసి షేర్లు కొని నిలబెట్టాడు. తిరిగి వచ్చినప్పుడు డబ్బు తీసుకోకుండా ఆడతానన్నాడు. నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి కనీస వేతనానికి సంతకం చేశాడు. తన పేరుతో అమ్ముడయ్యే చొక్కాల ఆదాయంలో పదిశాతం పిల్లల అకాడమీకి ఇవ్వాలని అడిగాడు. ఒవియేదో సీనియర్ జట్టు చొక్కా మొదటిసారి వేసుకునేనాటికి అతనికి 38 ఏళ్లు.

2025 జూన్ 21 రాత్రి, కార్లోస్ తార్తియేరే మైదానం. మొదటి డివిజన్‌లోకి వెళ్లడానికి మిరాందేస్‌తో ఆడాల్సిన రెండు మ్యాచ్‌ల్లో రెండోది. మొదటి మ్యాచ్‌లో ఒక గోలు వెనకబడి ఉన్నారు, ఇక్కడా ముందు గోలు అవతలివాళ్లే వేశారు. మొదటి సగంలోనే ఒవియేదోకు పెనాల్టీ దొరికింది. కాసోర్లా బంతి పెట్టి, కొట్టి, గోలు వేశాడు. అదనపు సమయంలో 3-1తో ముగిసింది. 24 ఏళ్ల తర్వాత రియల్ ఒవియేదో మొదటి డివిజన్‌లోకి వెళ్లింది.

2001లో క్లబ్బు కిందికి జారిన నాటికి ఒక కుర్రవాడి మడమ వెనక తాడు పేనడం పూర్తికావచ్చింది. క్లబ్బు తిరిగి పైకెక్కిన రాత్రి ఆ తాడులో మిగిలిన ముక్క, దానికి కట్టిన కొత్త ముక్క, వాటి మీద సగం పేరున్న ముంజేతి చర్మం, అన్నీ ఒకే మేజోడులో ఉన్నాయి.